రాకముందే వచ్చిన బస్సులు

మొదటి బస్సు రాకముందే ఆ రోజు బస్సులన్నీ వచ్చేశాయి.

ఐదూ నలభైకి బూత్ తాళం తీసి, బల్ల తుడిచి, టైమ్ కీపర్ ఆ రోజు షీటు ముందు పెట్టుకున్నాడు. షీటులో నాలుగు గడులు: బస్సు నంబరు, రావలసిన సమయం, వచ్చిన సమయం, సంజాయిషీ. రావలసిన సమయం అచ్చులోనే ఉంటుంది. పక్క గడిలో ఆయన నీలి సిరాతో అవే అంకెలు దించుకుంటూ పోయాడు. 6.05కి 6.05. 6.30కి 6.30. ముప్పై రెండు ట్రిప్పులు. ఆఖరిది రాత్రి 9.30. అది రాసేసరికి బయట వీధి దీపాలు ఇంకా ఆరలేదు. నాలుగో గడి ఖాళీగా వదిలేసి, కింద బూత్ ముద్ర కొట్టి, సంతకం పెట్టి, ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకున్నాడు.

6.05 బస్సు 6.19కి వచ్చింది. ఆయన సొరుగులోంచి పిల్లలు బళ్ళో వాడే నోటు పుస్తకం ఒకటి తీసి, దారంతో కట్టి ఉన్న పెన్సిల్‌తో 6.19 అని రాసుకున్నాడు. డ్రైవర్లలో ఎవరు ముందొచ్చారు, ఎవరిని ముందు టీకి వదలాలి, ఏ బండిని ఎప్పుడు పంపాలి అన్నది ఈ పుస్తకం చూసే చెప్పాలి. షీటు చూసి చెప్తే కొట్టుకుంటారు. నెలాఖరున పెన్సిల్ రాతలన్నీ రబ్బరుతో చెరిపేసి, వచ్చే నెల మళ్ళీ అదే పుస్తకం వాడతాడు. ఒక్కో పుస్తకం రెండేళ్ళు వస్తుంది.

డ్రైవర్లూ కండక్టర్లూ ఆయన్ని గడియారం బాబాయి అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. మొదటి నాలుగేళ్ళు కండక్టరు. మోకాలు చెడ్డాక ఈ బూత్‌లో కూర్చోబెట్టారు. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రేకు కప్పు, రెండు వైపులా కిటికీ. ఇంకో ఐదు నెలలుంది.

షీటు ముందే రాయడం ఆయన కనిపెట్టింది కాదు. బూత్‌కి వచ్చిన రెండో వారంలో ఒక బస్సు పద్దెనిమిది నిమిషాలు ఆలస్యమని ఉన్నదున్నట్టు రాశాడు. డ్రైవరుకి మెమో వచ్చింది. కండక్టరుకి మెమో వచ్చింది. రాసినందుకు ఆయనకీ వచ్చింది. మూడేసి ప్రతుల్లో సంజాయిషీ ఇచ్చారు. ఆ డ్రైవరు ఎనిమిది నెలలు ఆయనతో మాట్లాడలేదు. అప్పుడు రిటైరవబోతున్న ముసలి టైమ్ కీపర్ ఒకాయన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. "బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుందిరా అబ్బాయ్. కాగితం మాత్రం టైముకి రావాలి. అలాగని ఆలస్యం అన్నీ సున్నాలు పెట్టకు, అనుమానం వస్తుంది. అక్కడక్కడా ఒకటో రెండో నిమిషాలు వెయ్యి. కూరలో ఉప్పు వేసినట్టు."

బాబాయి ఇరవై ఏడేళ్ళు కొలత తప్పకుండా ఉప్పు వేశాడు.

కిటికీ దగ్గరికి వచ్చి అడిగినవాళ్ళకి మాత్రం ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "ఇంకో పాతిక నిమిషాలు పడుతుందమ్మా, నీడలో కూర్చోండి" అంటే పాతిక నిమిషాలే. ఇంట్లోనూ అంతే. ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేసే భార్య ఆయన చెప్పిన టైముకే ఇల్లు కదులుతుంది. ఆవిడకి ఆయన మీద ఒకే ఒక్క ఫిర్యాదు. కూతురు పుట్టిన రోజు ఆయన ఎక్కిన బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆయన వెళ్ళేసరికి పిల్లకి స్నానం కూడా చేయించేశారు. ఆ పొద్దున ఆ బస్సు సరిగ్గా వచ్చిందని సంతకం పెట్టింది ఆయనే. కాగితం ప్రకారం కూతురు పుట్టకముందే తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పిల్లకి ఇప్పుడు పిల్లలు. నాన్న దేనికైనా ఆలస్యంగా వస్తే, "షీటు ప్రకారం ఎప్పుడో వచ్చేశారులెండి" అంటుంది.

ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన సంస్థకి తొమ్మిదిమంది పెద్దల్ని చూశాడు. చెడ్డవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగిలినవాళ్ళు పనిచేద్దామనే వచ్చారు. ఒకాయన అరిచేవాడు, ఆయన హయాంలో అందరి చేతిరాతా బాగుపడింది. ఒకాయన బస్సులకి రంగు మార్పించాడు. ఒకాయన ఆలస్యం లేని బూత్‌కి బహుమతి పెట్టాడు. ఆ ఏడాది కొన్ని బస్సులు బయల్దేరకముందే చేరిపోయాయి. అందరికీ పొద్దునే టేబుల్ మీదికి కాగితాలు వెళ్ళేవి, కాగితాల్లో అంతా బాగుండేది. ఏదో ఒక రోజు బస్టాపులో జనం విసుగెత్తి అద్దాలు పగలగొట్టేవారు. పెద్దాయన్ని మార్చేసేవారు. వెళ్ళేరోజు ప్రతి ఒక్కరి మొహంలోనూ బాబాయికి ఒకటే కనిపించేది: కాగితం బాగానే ఉందే, మరి నన్నెందుకు పంపుతున్నారు?

పదో ఆయన పధ్నాలుగు నెలల కిందట వచ్చాడు. వచ్చిన నెలలోనే ఈ బూత్‌కి వచ్చి, బల్ల మీద కూర్చుని, పక్కనున్న కండక్టరమ్మని అడిగాడు. "మీరు బాత్రూముకి ఎక్కడికి వెళ్తారమ్మా?" ఆవిడ తల దించుకుంది. పొద్దున డ్యూటీ ఎక్కితే దిగేదాకా ఆవిడ నీళ్ళు తాగదని బాబాయే చెప్పాడు. మూడు నెలల్లో అరవై బూత్‌ల పక్కనా తలుపూ గడియా నీళ్ళ కుళాయీ ఉన్న గదులు లేచాయి. అంతకు ముందు ఎవరినీ పిలవని మర్యాదతో ఆయన్ని పెద్దసారు అనడం మొదలుపెట్టారు.

ఆ పెద్దసారు నుంచి కిందటి నెలలో సర్క్యులర్ వచ్చింది. ఫలానా బుధవారం నుంచి మంగళవారం దాకా ఏడు రోజులు బస్సు నిజంగా వచ్చిన సమయమే రాయాలి. ఎవరినీ ఏమీ అడగరు.

టీ బడ్డీ దగ్గర దాన్ని మూడుసార్లు చదివించుకుని మీసాల డ్రైవరు తీర్పు చెప్పాడు. "నిజం రాయమంటే నిజంగా నిజం రాసేస్తామా? చుట్టాలు ఇల్లు చూడ్డానికొస్తున్నారంటే చిమ్మకుండా ఉంటామా? ఆయన పైన కూడా ఎవరో ఉంటారు కదా. వాళ్ళెవరో మన సారుకి పరీక్ష పెట్టారు. మనకి తలుపు పెట్టించినాయన అందరిలో తల దించుకోవాలా?"

ఎవరూ అడ్డం చెప్పలేదు. మాట బూత్ నుంచి బూత్‌కి బస్సుల మీదే వెళ్ళింది. ఆ వారం అరవై బూత్‌ల్లో ఎవరూ ఉప్పు కూడా వేయలేదు. అన్నీ సున్నాలే. ఇవాళ ఏడో రోజు.

9.40 బస్సు పదీ ఎనిమిదికి వచ్చింది. వెనక తలుపులోంచి పదిమంది దిగాక, చొక్కా వీపుకి అంటుకుపోయి, చంకలో ఫైలుతో పెద్దసారు దిగాడు. కారు లేదు, వెంట ఎవరూ లేరు. బాబాయి లేచి కుర్చీ తుడిచాడు.

"నిలబడి నిలబడి కాళ్ళు పడిపోయాయండీ" అంటూ పెద్దసారు కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. గ్లాసు పెడుతూ బల్ల మీది షీటు చూశాడు. వేలితో ఒక్కో వరసా దిగుతూ అడుగుదాకా వెళ్ళాడు.

"రాత్రి తొమ్మిదిన్నర బస్సు వచ్చేసిందా?"

బాబాయికి దాచాలనిపించలేదు. "మీకోసమేనండీ. మామూలుగా ఒకటీ రెండూ నిమిషాలు పెడతాం. ఈ వారం అది కూడా పెట్టలేదు. ఏ బూత్‌లోనూ పెట్టలేదు."

పెద్దసారు నవ్వబోయాడు. అది సగంలో ఆగింది. జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఐదు రోజుల షీట్లూ ఇంటికి పట్టుకెళ్ళానండీ. మా ఆవిడ కూడా కూర్చుని ఆలస్యాలు కూడింది. సున్నా వచ్చింది. తప్పు కూడానేమోనని పాపం మళ్ళీ కూడింది. అందుకే ఇవాళ బస్సెక్కాను." ఫైలు మీద చెయ్యి పెట్టాడు. "నాలుగింటికి బోర్డు మీటింగు. నలభై బస్సులు ఎక్కువున్నాయి, తీసేద్దామంటున్నారు. ఈ దారిలోవి మూడు. ఉన్నవే చాలట్లేదని చెప్పడానికి నాకు ఈ వారం కావలసి వచ్చింది. మీరంతా కలిసి ఏం చెప్పారు? ఇంత తీరిగ్గా తిరుగుతున్నాయి, నలభై కాదు, యాభై తీసెయ్యండి అని."

బాబాయి నిలబడే ఉన్నాడు. "ఆ మాట సర్క్యులర్‌లో రాయలేదు కదండీ."

"రాయలేదు. బస్సులు పోతాయంటే మీరు కావాలని ఎక్కువ రాస్తారేమోనని."



అప్పుడు బాబాయి సొరుగు లాగి పెన్సిల్ పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఏడు రోజులవీ ఉన్నాయి, ఇవాళ్టి 10.08తో సహా. పెద్దసారు పేజీలు తిప్పుతూ, షీటుతో పోల్చి ఎన్నేసి నిమిషాలు ఆలస్యమో లెక్కకట్టాడు. 22. 31. 17. 44. ఒకచోట 'రాలేదు'. ఇంకోచోట 'రాలేదు'.

"పెన్సిల్ రాత బోర్డులో చెల్లదండీ" అన్నాడు చివరికి. "షీట్ల మీద సిరాతో రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టాలి. పెడితే ఇన్నేళ్ళ షీట్లూ అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు. మీకింకా సర్వీసు ఎంతుంది?"

"ఐదు నెలలండీ."

"ఆలోచించుకోండి. మిమ్మల్ని అడుగుతారు."

"అడగనివ్వండి. ఇన్నాళ్ళూ ఎవరడిగారు కనక." బాబాయి ఖాళీ షీట్లు ఏడు లెక్కపెట్టి తీసుకున్నాడు. "తమరు ఆ కిటికీ చూసుకుంటే గంటా రెండు గంటల్లో రాసేస్తాను."

అలా ఆ సంస్థ పెద్ద రెండున్నర గంటలు విచారణ కిటికీలో కూర్చున్నాడు. మొదట వచ్చినావిడ చేతిలో సంచీ ఉంది.

"బాబూ, ఇరవై ఎనిమిదో నంబరు ఎప్పుడొస్తుంది?"

పెద్దసారు గోడ మీది పట్టిక చూశాడు. "పదీ ఇరవై. రెండు నిమిషాల్లో వచ్చేస్తుందమ్మా."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "కొత్తగా చేరావా నాయనా? ఆ వెనకాయన్ని అడిగి చెప్పు."

బాబాయి తలెత్తకుండానే అన్నాడు. "పదీ నలభై ఐదు పిన్నిగారూ. కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. కూర్చుని, పెద్దసారు మొహం చూసి జాలిపడింది. "దిగులుపడకు. మెల్లిగా అదే వస్తుంది."

బస్సు 10.44కి వచ్చింది. ఆ తర్వాత ఎవరడిగినా పెద్దసారు వెనక్కి తిరిగి బాబాయిని అడిగి చెప్పాడు.

బాబాయికి 'వచ్చిన సమయం' గడి తేలిగ్గానే సాగింది. నాలుగో గడి దగ్గర చెయ్యి ఆగింది. సంజాయిషీ గడిలో ఆయన ఇరవై ఏడేళ్ళుగా ఒక్క అక్షరం రాయలేదు. ఏం రాయాలో తెలియక ఉన్నమాటే రాశాడు: బండి పాతది. ఇద్దరి డ్యూటీ ఒకడే చేశాడు. స్టాపుల్లో జనం ఎక్కువ. టైరు. మళ్ళీ, బండి పాతది. ఏడు షీట్లూ అయ్యాక, ఇవాళ్టిది అప్పటిదాకా వచ్చిన బస్సులతో ఆపి, ఒక్కో దాని అడుగునా ముద్ర కొట్టాడు, ఒత్తి పట్టుకుని మూడు లెక్కపెట్టి ఎత్తాడు. సంతకాలు పెట్టాడు. మామూలుగా ఆయన సంతకం ఒక్క గీత. ఇవాళ పేరు పూర్తిగా రాసి, చివర తోక తిప్పాడు.

పెద్దసారు షీట్లు తీసుకుని ఆ సంతకాల వంక చాలాసేపు చూశాడు.

"అరవైలో ఒక బూత్ అంటారేమో" అన్నాడు బాబాయి.

"అంటారు. ఒక్కటైనా ఉంది కదా."

12.10 బస్సు 12.41కి వచ్చింది. పెద్దసారు వెనక తలుపులోంచి ఎక్కాడు. ఆయన్ని గుర్తుపట్టి నీళ్ళు నమిలిన కండక్టరమ్మకి టికెట్ ఇవ్వమని చెయ్యి చాపాడు. ఎవరో సీటిచ్చారు. బస్సు కదిలాక బాబాయి అన్నం డబ్బా విప్పాడు కానీ సగం తిని మూసేశాడు.

రెండుంపావుకి భార్య వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ రోజూ కిటికీ దగ్గర ఓ నిమిషం ఆగుతుంది. జరిగింది చెప్పాడు. ఆవిడ చెంగుతో మొహం ఒత్తుకుంటూ విన్నది.

"ఉద్యోగం తీసేస్తారా?"

"తీసేసినా తీసేస్తారు."

"ఐదు నెలలు ముందు ఇంట్లో కూర్చుంటారు, అంతేగా. మీ మోకాలికి మంచిదే. సంతకం సరిగ్గా పెట్టారా, కోడి గీకినట్టు పెట్టారా?"

"పేరంతా రాశాను."

"నయం. చదివేవాడికి తెలుస్తుంది, ఎవరో మనిషే రాశాడని." బస్సు మలుపు తిరుగుతుంటే సంచీ భుజానికెత్తుకుంది. "ఇన్నేళ్ళ కాపురంలో మీరు నాకు తప్పు టైము చెప్పలేదు. ఎవరైనా వచ్చి అడిగితే నేనూ సంతకం పెడతాను. ఆ ఆసుపత్రి రోజు తప్ప."

నాలుగైంది. నాలుగున్నరైంది. ప్రతి బస్సు దగ్గరా బాబాయి కిటికీలోంచి మెడ సాచి చూశాడు, అందులో వచ్చేది బోర్డు నిర్ణయం అన్నట్టు. ఐదింటికి బడి పిల్లలు, ఆరింటికి ఆఫీసు జనం. "ఇంకో ఇరవై నిమిషాలు." "ఇంకో అరగంట." ఇవాళ ఒక్కో అంకె ఒత్తి పలికాడు. ఇవే అంకెలు ఇప్పుడు ఓ పెద్ద గదిలో బల్ల మీద ఉంటాయి. అక్కడ కూర్చున్నవాళ్ళూ కిటికీ దగ్గరికి వచ్చి అడిగినట్టే.

ఏడూ పదికి ఫోన్ మోగింది. డిపో మేనేజరు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బస్సు మీద కండక్టర్లు.

"గడియారం, విన్నావా? పెద్దసారుని తప్పించారు. సాయంత్రమే ఆర్డరిచ్చేశారు."

బాబాయి కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఏమైంది?"

"ఏమవుతుంది. ఒక పక్క అరవై బూత్‌ల షీట్లు, అన్నీ సున్నాలు. ఇంకో పక్క ఆయన ఏవో ఏడు కాగితాలు తీశాడట, బస్సులన్నీ లేటని. ఏ బూత్‌వని అడిగారట. చెప్పనన్నాడు. ఎవరు రాశారంటే చెప్పనన్నాడు. ముద్ర లేదు, సంతకం లేదు. పేరూ ఊరూ లేని కాగితం పట్టుకొచ్చి లేటంటే ఎవడు నమ్ముతాడు? మీరే రాయించుకొచ్చారా అన్నారట. మీలో ఎవరైనా బస్సెక్కి వచ్చారా అని ఆయన ఒక్కటే అడిగి, ఫైలు మూసేసి లేచాడట."

"సంతకం లేదా?"

"లేదు. ఆ బస్సులే పదకొండు బూత్‌ల ముందు నుంచి వెళ్తాయి, ఎవరని పట్టుకుంటాం? నేనైతే పట్టుకోను." మేనేజరు గొంతు తగ్గించాడు. "మంచోడ్రా. మనమందరం అంత చేశాం ఆయనకోసం. అయినా నిలబడలేకపోయాడు. నలభై బస్సులూ ఒకటో తారీకు నుంచి ఆగిపోతాయి. రేపు కొత్తాయన వస్తున్నాడు, షీట్లు నీటుగా పంపు."

బాబాయి ఫోన్ పెట్టేశాడు. కిటికీ దగ్గర ఎవరో అడిగారు, ఏడున్నర బస్సు ఎప్పుడని. "ఏడూ యాభై" అన్నాడు.

7.52కి వచ్చింది. మధ్యాహ్నం కండక్టరమ్మే, ఆఖరి ట్రిప్పు. టికెట్ల సంచీ అడుగు నుంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి కిటికీలోంచి లోపల పెట్టింది.

"పెద్దసారు దిగేటప్పుడు ఇచ్చాడు బాబాయ్. సాయంత్రం దాకా మీకివ్వొద్దని ఒట్టేయించుకున్నాడు. దారంతా ఒళ్ళో ఫైలు పెట్టుకుని, మడతపెట్టి గోటితో గీసి గీసి చింపుతూనే ఉన్నాడు. ఆయన్ని పంపించేశారటగా, నిజమేనా?"

"నిజమే."

"మరి మా తలుపు?"

"తలుపు ఉంటుందమ్మా."

బస్సు వెళ్ళిపోయింది. బాబాయి మడత విప్పాడు. రెండు వేళ్ళ వెడల్పున ఏడు కాగితపు ముక్కలు. ఒక్కోదాని మీదా బూత్ ముద్ర, పక్కన పూర్తిగా రాసిన పేరు, చివర తోక. బల్ల మీద వరసగా పేర్చాడు. ఆరు ముక్కల అంచులు తిన్నగా ఉన్నాయి. ఏడోది మధ్యలో వంకరపోయి, సంతకం తోక కొంచెం తెగింది. దారిలో బస్సు ఏదో గుంతలో పడ్డప్పుడు చింపినట్టున్నాడు.